దాపటెద్దు

నా నోరు మంచిది కాదు. ఊరంతా అనే మాటే, నేనూ కాదనను. మంచి నోరు పెట్టుకుని బాగుపడిందేముంది? కాపురానికి వచ్చిన కొత్తలో నోరు మూసుకున్నాను. మొగుడు పోయాక కూడా చాలా ఏళ్లు మూసుకున్నాను. నా పెద్దకొడుకు హనుమన్న పోయిన ఏడు తెరిచాను, ఇక మళ్లీ మూయలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. ఎండాకాలం చేలల్లో పని లేక హనుమన్న ఆదోనికి పోయి పత్తి బేళ్లు లారీలకెత్తే కూలికి కుదిరాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బేలు వీపు మీద పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే కూలిపోయాడట. వడదెబ్బ అన్నారు. పొద్దు వాలేసరికి బండిలో తెచ్చి నా వాకిట్లో పడుకోబెట్టారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసమ్మా అని వచ్చిన ప్రతివాడూ అన్నాడు. ఆ సామెత పుట్టించినవాడు నాకు దొరికి ఉంటే చెప్పు తీసుకుని కొట్టేదాన్ని.

వాడికి ఆంజనేయస్వామి పేరు పెట్టుకున్నాను. ప్రతి శనివారం స్వామి పటం ముందు దీపం పెట్టేదాన్ని. "కొండను మోసినోడివి, నా కొడుకు వీపు మీది బేలు మోయలేకపోయినావా?" అని అడిగి ఆ దీపం నా చేత్తోనే ఆర్పేశాను. ఆ రోజునుంచి నాకూ దేవుడికీ మాటల్లేవు.

ఇంట్లో మిగిలింది ఇద్దరం విధవలం, నేనూ నా కోడలు రామమ్మా. దాని కడుపున ఒక కాయ కాయలేదు. నవ్వుతూ తిరిగే పిల్ల, బొట్టూ గాజులూ తీసేసిన రోజునుంచి నవ్వు కూడా తీసి ఎక్కడో పెట్టేసింది. పని చేసేది, పెట్టింది తినేది, గోడకు ఆనుకుని కూర్చునేది. అత్తా ఒకింటి కోడలే అంటారు కదా, నేను నడిచిన దారినే అదీ నడుస్తోంది.

దినాలు అయిన మర్నాడు నా చిన్నకొడుకు కాశప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాడు పెళ్లి కాగానే వేరుపడి ఎదురింట్లోనే కాపురం ఉంటున్నాడు. ఊరి పెద్దమనిషి దేవేంద్రప్పను కూడా వెంట పెట్టుకొచ్చాడు. రామమ్మ అన్న మద్దయ్య ఎమ్మిగనూరు నుంచి వచ్చి అక్కడే ఉన్నాడు.

"అమ్మా, మొగదిక్కు లేని సేను బీడు పెట్టుకుంటామా?" అన్నాడు కాశప్ప. "ఈ ఏడునుంచి అన్న సేను గూడా నేనే సేసుకుంటా. వొదిన వాళ్లన్న యెంబడి ఎమ్మిగనూరికి పోనీ. ఈడుండి యేం జేస్తాది?"

"ఆడ మగ్గాల కాడ కండెలు సుట్టే పని దొరుకుతాది లే," అన్నాడు మద్దయ్య నేలచూపులు చూస్తూ. చెల్లెలంటే ప్రేమ ఉన్నవాడే, కాకపోతే పెళ్లాం అంటే భయం ఉన్నవాడు.

నేను నోరు తెరవబోతుంటే రామమ్మ గడపలోనుంచి అంది. "నేను యాడికీ పోను. నా మొగుని సేను నేనే సేసుకుంటా. మా యత్త కాడనే వుంటా."

అన్నాళ్ల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట అదే. కాశప్ప నవ్వాడు. "సేసుకుంటావు సరే వొదినా. ఇత్తనం యెవురు పోస్తారు? ఎద్దు యాడుంది?"

వాడు ఏ రెండు చోట్ల పట్టాలో ఆ రెండు చోట్లే పట్టాడు. మా పక్క గొర్రుతో విత్తేటప్పుడు మగవాడు ఎద్దుల్ని తోలుతూ మేడి పడితే, ఆడది వెనకాల నడుస్తూ జడ్డిగంలో గింజలు పోస్తుంది. జడ్డిగమంటే గొర్రు మీదుండే కొయ్యగిన్నె. దాని చిల్లుల్లోంచి గింజలు వెదురు గొట్టాల్లో జారి సాలులో పడతాయి. ఆ గింజలు పోసే చెయ్యి ముత్తైదువ చెయ్యి కావాలి. విధవ పోస్తే పంటంతా తాలు పోతుందని మా ఊరి శాస్త్రం. నా మొగుడు పోయిన ఏడు నా చేతిలోని విత్తనాల గంప లాక్కున్నారు. అప్పటినుంచి ప్రతి ఏటా గట్టు మీద నిలబడి, నా చేలో నా విత్తనం ఇంకెవరి పెళ్లామో పోస్తుంటే చూశాను. ఆ పోసేది వదులుగా పోస్తే ఇక్కడ నా వేళ్లు కొట్టుకునేవి.

ఇక ఎద్దు సంగతి. మా బోటి సన్నరైతులకు జోడెద్దుల్ని మేపే తాహతు ఉండదు. ఇంటికొక ఎద్దు పెట్టుకుని, పని వచ్చినప్పుడు రెండిళ్లవాళ్లూ కలిసి జోడు కట్టుకుంటాం. నా కొడుకులిద్దరూ ఎమ్మిగనూరు పరసలో, అదే పశువుల జాతరలో, ఒకడి దగ్గరే రెండు కోడెదూడల్ని కొన్నారు. రెండూ ఒకే కొట్టంలో పెరిగాయి. వేరుపడినప్పుడు ఎర్రది హనుమన్నకు, తెల్లది కాశప్పకు వచ్చింది. కాడి కింద ఎర్రదానిది ఎప్పుడూ కుడిపక్క వలపట, తెల్లదానిది ఎడమపక్క దాపట. ఒకటి లేకుండా రెండోది అడుగు వేసేది కాదు.

దేవేంద్రప్ప గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "తొలివాన పదునుకు రామమ్మ ఇత్తుకునిందంటే సేను ఆయమ్మదే, యెవురూ నోరెత్తగూడదు. ఇత్తుకోలేకపాయెనంటే కాశప్ప ఇత్తుకుంటాడు, ఆయమ్మ అన్న యెంబడి పోవల్ల. యేమప్పా, న్యాయమే గదా?"

న్యాయమట! కాళ్లు కట్టేసి పరిగెత్తమనడం న్యాయం. అదే మాట అన్నాను, ఇంకా చాలా అన్నాను. దేవేంద్రప్ప కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఏరువాక పున్నమి వచ్చింది. ఊళ్లో ఎద్దులన్నింటికీ కొమ్ములకు రంగులు పూసి, గంటలు కట్టి, మేళంతో ఊరేగించారు. ఎప్పుడూ జోడుగా పోయే మా ఎద్దుల్లో కాశప్ప తన తెల్లదాన్నే తోలుకుపోయాడు. రామమ్మ ఎర్రెద్దును వాకిట్లోనే కట్టేసి కడిగి, గోడలకు పూయగా మిగిలిన ఎర్రజాజు కొమ్ములకు రాసి, దాని మెడ పట్టుకుని నిలబడింది. కాశప్ప పెళ్లాం ఉచ్చీరమ్మ వాళ్ల గడపలో నిలబడి చూస్తూ ఉంది. ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు. మొగుడు దగ్గితే ఉలిక్కిపడుతుంది. మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు, అవి గలగలమంటేనే ఇంట్లో మనిషి ఉన్నట్టు తెలిసేది. నేను దానివైపు చూస్తే లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత వాన వచ్చింది. ఆలస్యంగా వచ్చినా కసిగా వచ్చింది. చిప్పగిరి వైపునుంచి నల్లగా లేచి, మధ్యాహ్నానికే చీకటి చేసి, నా కొంప పైకప్పు మీద దబదబా బాదింది. నేను వాకిట్లోకి పోయి తలెత్తి అరిచాను. "ఇప్పుడొచ్చినావా? నా కొడుకు ఎండకు సచ్చినాక వొచ్చినావా?" వాన నా నోట్లోనే పడింది. మాటల్లేవని అనుకున్నదాన్ని, కోపం ఆగక అరిచేశాను. దాన్ని మాట్లాడినట్టు లెక్కపెట్టుకోలేదు.

తెరపి ఇచ్చాక రామమ్మ, నేను చేను చూడటానికి పోయాం. నల్లరేగడి అడుగడుక్కీ కాళ్లకు అంటుకుంటోంది. తడిసిన మట్టి వాసన, అబ్బా, ఎన్ని దుఃఖాలున్నా ఆ వాసన ముక్కుకు తగిలితే మనిషి ఆగి పీల్చాల్సిందే. గట్టు పక్కన ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికి వచ్చి నింపాదిగా నడుస్తున్నాయి. రామమ్మ ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది బెదిరి కాళ్లు ముడుచుకుని కుంకుమ బొట్టంత అయింది.

"సూడత్తా, ఎంత మెత్తగుందో," అంది. అని నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. ఆ నవ్వు ఇక కనపడదనుకున్నాను. ఆ పురుగును చూస్తూ చూస్తూ ఉంటే నాకు ఒళ్లు మండింది కూడా. ఎవరికీ అక్కరలేని ఈ పురుగుకు ఒళ్లంతా కుంకుమ పూసి పంపినవాడు, దాని మొగుడు ఉన్నాడో పోయాడో అడిగి పూశాడా? వాన కురిపించినవాడు విధవ చేను వదిలిపెట్టి పక్క చేలో కురిపించాడా? మరి నా కోడలి నుదురు, నా కోడలి చెయ్యి అశుభమని ఎవడు చెప్పాడు? ఆయన చెప్పలేదు. ఊళ్లోవాళ్లు చెప్పి ఆయన పేరు పెట్టారు. ఇన్నాళ్లు నేను కోపం పెట్టుకోవలసినవాళ్ల మీద పెట్టుకోకుండా ఆయన మీద పెట్టుకున్నానని అప్పుడు తట్టింది.

ఇంటికి వస్తూనే కాశప్ప గుమ్మం ముందు నిలబడ్డాను. "ఒరేయ్ కాశీ, ఎద్దును ఇయ్యి. పదును ఆరకముందే ఇత్తుకోవల్ల."

"ఇయ్యనమ్మా. రేపు పొద్దున్నే నేనే కాడి కట్టుకొస్తా, ఉచ్చీరి ఇత్తనం పోస్తాది. వొదినను మూట కట్టుకోమను. మద్దయ్య మళ్లా బండి తోలుకోని వొచ్చినాడు, పొద్దున్నే పోతాడు."

"నీ అన్న పీనుగ కాళ్ల కాడ పడి ఏడిసినావు గదరా, అప్పుడే మరిసిపోయినావా?"

"మరిసిపోలేదు," అన్నాడు వాడు, గొంతు కొంచెం తగ్గించి. "శాస్త్రం అట్లుంది. నేనేం జేసేది?"

శాస్త్రమంటే వాడికి నిజంగానే భయం. పిల్లి ఎదురొస్తే తిరిగొచ్చి మంచినీళ్లు తాగి కూర్చునేవాడు. వాడు దుర్మార్గుడు కాదు, నా కడుపున పుట్టినవాడే. పిరికివాడు, దానికి తోడు కాస్త ఆశ. ఈ రెండూ కలిస్తే దుర్మార్గుడు చేసే పనే చేస్తాడు.

తెల్లవారుతుండగా లేచి చూస్తే రామమ్మ పక్కలో లేదు. గొర్రు లేదు, కొర్రల గంప లేదు, ఎర్రెద్దు లేదు. కొంగు దోపుకుని చేను వైపు పరిగెత్తాను. ఎర్రెద్దును కాడికి వలపట కట్టి, దాపట చివర కింద తన భుజం పెట్టి లేపబోతోంది నా కోడలు.

"ఏమే, పిచ్చెక్కిందా!"

"ఒక ఎద్దు, ఒక మనిషి. యెందుకు కాదు? నువ్వు మేడి పట్టుకో అత్తా. ఈ సేను ఇడిసిపెట్టి నేను పోను. ఆయన వాసన ఈడనే వుంది," అంది. భుజం మీద అప్పుడే తోలు లేచింది.

"నీ మెడకు కాడి పెట్టి తోలేంత రాక్షసిననుకున్నావా? ముందు నా పీనుగ మీద తోలు!" దాన్ని జుట్టు పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. అత్తాకోడళ్లం బురదలో కూర్చుని ఊరు లేవకముందే తనివితీరా ఏడ్చాం.

అప్పుడే ఎర్రెద్దు తలెత్తి రంకె వేసింది. దారి వైపునుంచి జవాబు వచ్చింది. తెల్లెద్దు! మెడలో పలుపు నేల మీద ఈడ్చుకుంటూ, ఎవరూ తోలకుండా, చేలకడ్డంగా వస్తోంది. వచ్చి ఎర్రదాని మెడ ఒకసారి నాకింది. తిరిగి, దాపట వైపు తన చోటులో నిలబడి, కాడి ఎత్తమన్నట్టు మెడ వంచింది. అంతే. చుట్టూ ఇంత చేను ఉంది, పచ్చిగడ్డి ఉంది. అది మెడ వంచి నిలబడింది.

రామమ్మ నన్ను చూసింది.

"ఇంకేం జూస్తావే? కట్టు!"

మేడి రామమ్మ పట్టుకుంది. విత్తనాల గంప నా చంకకు వచ్చింది. గొర్రుకు పసుపు రాసి దండం పెట్టేసరికి ఇద్దరం ఆగాం. మొదటి పిడికిలి ముత్తైదువది కదా. చుట్టూ ఎవరూ లేరు. నేను తలెత్తి ఆకాశంతో మాట్లాడాను. అన్నాళ్ల తర్వాత తెలిసి మాట్లాడింది అదే.

"ఇదో సామీ, నీకు ముందే సెప్తాండా. కడుపుకోత పడిన ముండ సెయ్యి ఇది. ఇద్దరు పిల్లల్ని సాకిన సెయ్యి కూడా ఇదే. వానిచ్చింది నువ్వు, ఎద్దును పంపింది నువ్వు. ఇంత జేసి, నా సేతిలో గింజను మాత్రం తాలు జేస్తే నువ్వు దేవుడివి కావు, దేవేంద్రప్పవి!"

అని పిడికెడు కొర్రలు జడ్డిగంలో పోశాను. ఎన్నేళ్లకు! గింజ వేళ్ల సందుల్లోంచి జారుతుంటే చెయ్యి తనంతట తానే గుర్తు తెచ్చుకుంది. ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో ఒక్కటీ మరిచిపోలేదు. రామమ్మ "హోయ్" అంది. గొర్రు కదిలింది.

నాలుగు సాళ్లు పడ్డాయో లేదో, కాశప్ప కర్ర పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనక దేవేంద్రప్ప, మద్దయ్య, చెంబులు చేతబట్టుకుని బయటికి వచ్చిన సగం ఊరు.

"నా ఎద్దును దొంగతనం జేస్తారా? ఇప్పు! కాడి ఇప్పు!"

నేను పోయడం ఆపలేదు. "నీ ఎద్దే వొచ్చి నిలబడింది రా. ఇప్పుకుంటావా, రా, ఇప్పుకో. శాస్త్రం తెలిసినోడివి గదా! గింజ పడిన సేన్లో ఇత్తు ముగియకుండా కాడి ఇప్పినోడి ఇంట్లో యేమయితాదో సెప్పు, ఊరంతా ఇంటాది."

కాశప్ప చెయ్యి కాడి దాకా వచ్చి ఆగిపోయింది. విత్తు మధ్యలో కాడి విప్పితే విప్పినవాడి సంసారం విడిపోతుందని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వాడు దేవేంద్రప్ప వైపు చూశాడు.

"ఇప్పగూడదప్పా," అన్నాడు దేవేంద్రప్ప, ఏదో చేదు మింగినట్టు మొహం పెట్టి. "మొదలుపెట్టినాక ఇప్పగూడదు."

"మరి ముండ పోస్తే తాలు పోతాదంటివి?" అన్నాను.

"అదీ శాస్త్రమే."

"రెండు శాస్త్రాలు కొట్టుకుంటే యేది గెలుస్తాదో నువ్వు గట్టు మీద కూసోని ఆలోసన జేసుకో. మాకు పనుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కాశప్ప కర్ర పారేసి గట్టు మీద కూలబడ్డాడు. మేం ఆగలేదు. నా నడుము విరిగిపోతోంది, రామమ్మ చేతులు బొబ్బలెక్కాయి, అయినా నీళ్లు తాగడానికి కూడా ఆగలేదు. రామమ్మ మేడి పట్టడం అదే మొదలు. సాళ్లు పాము పోయినట్టు పోతున్నాయి. కాశప్ప ఎంతసేపు చూడగలడు? రైతు బిడ్డ, వంకర సాలు చూస్తే కంట్లో నలుసు పడ్డట్టే.

"వొదినా! మేడి అట్ల పడకు, కుడికి వొంగిపోతాంది!" అని అరిచాడు చివరికి. కాసేపటికి గొర్రు పళ్లకు మట్టి పట్టుకుంటే, వాడే లేచి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూడకుండా, వేళ్లతో మట్టి తీసేసి మళ్లీ పోయి కూర్చున్నాడు. మద్దయ్య కళ్లు తుడుచుకుంటూ బండి వైపు పోయాడు. ఒట్టి బండే తోలుకుపోయాడు.

విత్తు ముగిసి కాడి దించేసరికి పొద్దు వాలుతోంది. తర్వాత కొర్ర పంక్తులు పంక్తులుగా మొలిచింది, తాగినవాడు నడిచినంత వంకరగా. దారినపోయేవాళ్లు నవ్వితే నవ్వారు. తాలు పోలేదు. నాకు అది చాలు.

ఆ సాయంత్రం తెల్లెద్దును నేనే తోలుకుపోయి కాశప్ప కొట్టంలో కట్టేశాను. కడుతూ పలుపు చివర చూశాను. ఊరంతా అప్పటికే ఎద్దు పలుపు తెంపుకుని వచ్చిందని చెప్పుకుంటోంది. తెగిన పలుపు అయితే చివర పీచు లేచి ఉండాలి. ఇది బాగానే ఉంది. నేలలో పాతిన గూటం కదల్లేదు. ముడి ఎవరో విప్పారు.

ఉచ్చీరమ్మ కుడితి తొట్టి దగ్గర వంగి ఉంది. "ఏమే, ఎద్దు ఎట్లొచ్చె?" అని అడిగాను.

"అదే తెంపుకోని పాయెనత్తా," అంది తలెత్తకుండా. చేతులు కొంగు కింద దాచుకుంది. అయినా గాజులు గలగలమన్నాయి.

దాని తల మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే ఉంచాను. అది కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చి స్వామి పటం మీది దుమ్ము తుడిచాను. ప్రమిదలో నూనె పోసి దీపం వెలిగించాను. రామమ్మ వెనక నిలబడి చూస్తోంది. కొడుకును తీసుకుపోయిన సంగతి నేను మరిచిపోలేదు, ఎప్పటికీ మరిచిపోను, ఆ జగడం ఆయనతో పైకి పోయాక చూసుకుంటాను. ఆ పూట మాత్రం ఆ కోతిమొహాన్ని తేరిపార చూసి ఒక్కటే అన్నాను.

"కొండలు మోసే సేతులే అనుకుంటి గదయ్యా. నీ సేతులకు ఆకుపచ్చ గాజులు కూడా వుంటాయని సెప్పనే లేదే!"

రామమ్మకు అర్థం కాలేదు. అయినా నా మొహం చూసి నవ్వింది.